సీసం మీద ముద్ర

రామమూర్తినగర్‌లో గోవిందప్ప శెట్టి కొట్టుకి
ఏటా తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు.
రాళ్ళు బోర్లించి, అడుగున సీసం మీద
ముద్ర కొట్టి పోయేవాడు.
పది గ్రాములు తగ్గితే జరిమానా.
నా కందిపొడి మొదట అమ్ముడైంది అక్కడే.
ఎనిమిది సీసాలు, సాయంత్రానికి డబ్బు,
చిల్లర లేకపోతే ఒక కొబ్బరికాయ.

తర్వాత పెద్ద బజారు పిలిచింది.
ఏసీ గదిలో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు:
కంటి ఎత్తు అరకి ఒక అద్దె,
మోకాలి ఎత్తుకి ఇంకొకటి.
డబ్బు తొంభై రోజులకి.
మిగిలినా మీదే, పగిలినా మీదే.
"అందరూ ఒప్పుకున్నారమ్మా, ఇక్కడ సంతకం."
పెట్టాను.
అప్పటికే గోవిందప్ప షట్టరు సగం దిగింది.

ఆర్నెల్లకి నా సీసా మోకాళ్ళకి జారింది.
కంటి ఎత్తున వాళ్ళ పేరుతో కందిపొడి,
పన్నెండు రూపాయలు తక్కువ.
కొని తెచ్చి అన్నంలో కలిపాను.
కందుల్లో గుప్పెడు ఉలవలు!
నాణ్యత ఫారంలో రాయమంటే
నేనే రాసిచ్చాను, గుండ్రంగా, తప్పుల్లేకుండా.
ఏడుపు రాలేదు. బాగుందని
రెండో ముద్ద కూడా తిన్నాను.

బజారు మూసెయ్యమనను.
మనవరాలి డైపర్లు నేనూ అక్కడే కొంటాను.
కానీ పది గ్రాములకి శెట్టిని పట్టుకున్న చట్టం
ఆ అద్దాల తలుపు దగ్గర
చెప్పులు విడిచి నిలబడుతుందేం?
తొంభై రోజుల్ని తూచే రాయి
ఏ ఆఫీసులో ఉంది?

కొట్టు ఖాళీ చేస్తూ శెట్టి
తన అరకిలో రాయి నా చేతిలో పెట్టాడు.
సంచిలో వేసుకుని తిరుగుతున్నాను.
బరువే.
సీసం మీద సంవత్సరం ఇంకా చెరగలేదు.