వంకాయ, చిక్కుడుకాయ, నలుపు

గిలాంగ్‌లో కౌన్సిల్ వాళ్ళు పాత సామాను ఎత్తుకెళ్ళే వారం.
వాకిళ్ళ ముందు పరుపులు, కాలు విరిగిన కుర్చీలు,
వాటి మధ్య గూని వీపుతో ఒక టీవీ.
అద్దానికి టేపుతో అంటించిన కాగితం: "పనిచేస్తుంది."

పోతూ పోతూ దాని గురించి ఎవరో చెప్పిన మంచి మాట.
వానలో వదిలెయ్యలేకపోయాను.

కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు తలుపులు బిగించిన గ్లెన్
ఒక పక్క పట్టాడు, నేనొక పక్క.
"నడుముతో కాదు, మోకాళ్ళతో ఎత్తు" అన్నాడు.
గరాజులో దించాక ఇద్దరం
దానికే దణ్ణం పెడుతున్నట్టు వంగి రొప్పాం.

నా గేమ్ పెట్టె ముప్ఫై ఏళ్ళది.
మూడు తీగల్లో మాట్లాడుతుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం.
టీవీకి ఆ భాష రాదు.
దానికి ముందు వెలుగు ఎంతో చెప్పాలి,
తర్వాత ఆ వెలుగుకి నీలం ఎంత దూరమో, ఎరుపు ఎంత దూరమో.
మధ్యలో దుబాసీ కావాలి.
అరచేతంత బోర్డు మీద ఆ దుబాసీని కడుతున్నాను.

చిక్కల్లా ఒకటే.
నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు.

విజయనగరంలో గంటకి మూడు రూపాయల ఆటల కొట్లో
ఎర్ర విమానాలు శత్రువులవి, పచ్చవి మనవి.
నేను మనవాళ్ళనే ఎక్కువ కూల్చాను.
"వీడికి కళ్ళు నెత్తికెక్కాయిరా" అన్నారు.
నవ్వి ఊరుకున్నాను, పొగరనుకుంటే పరువైనా దక్కుతుందని.
పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకూ కావచ్చు.
తెలుగు నాకు ఆ మాత్రం సందు ఇచ్చింది,
అందులో దూరి ఇన్నేళ్ళు దాక్కున్నాను.

రెసిస్టర్ల విలువలు వాటి ఒంటిమీద రంగు గీతల్లో ఉంటాయి.
మీటరు పెట్టి కొలవచ్చు. కానీ తొమ్మిదేళ్ళ ఈహ
స్టూలెక్కి, ఒక్కోదాన్నీ దీపం కింద తిప్పి
తనకొచ్చిన తెలుగులో చదువుతుంది:
"వంకాయ, చిక్కుడుకాయ, నలుపు."
డెబ్బై అయిదు ఓములు. అవే కావాలి.
"చివర బంగారం."
అంటే అయిదు శాతం తప్పు ఉండొచ్చని ముందే ఒప్పుకోవడం.
"మరి మీ నాన్నకి ఎంత శాతమో అడుగు" లోపల్నుంచి వాళ్ళమ్మ.

సోల్డరు కరిగింది, పొగ లేచింది, వేలు కాలింది.
నాలుగు శనివారాలు పోయాయి.
మొదటిసారి బొమ్మ నిలవక పైకి దొర్లుతూనే ఉంది,
తాళం తప్పిన భజనలా.
ఊడిన తీగ మళ్ళీ అతికాక నిలబడింది.

నీలం ఆకాశం. అది నాకూ తెలుస్తుంది.
గెలిచాననుకున్నాను.
"నాన్నా, వాడి మొహం కాకరకాయలా ఉంది."
చూశాను. నాకు మొహంలాగే ఉంది.

తీసివేతలో తప్పు.
ఎరుపులోంచి వెలుగుని తీయాల్సింది,
వెలుగులోంచి ఎరుపుని తీశాను.
రెండు తీగలు అటుదిటు మార్చాను.
ఆపైన స్క్రూడ్రైవరు నా చేతిలో, చూపు దానిది.
"ఇంకొంచెం... వద్దొద్దు, పండుమిరపకాయ అయిపోయాడు...
వెనక్కి... ఆఁ. ఇప్పుడు మనిషి."

"సన్నగా కూస్తోంది, నీకు వినపడుతోందా?"
లేదు. టీవీ కూత పిల్లల చెవులకే అందుతుందట.
నా నలభై నాలుగేళ్ళ చెవికి గరాజు నిశ్శబ్దంగానే ఉంది.

ఆడదామా అంటే ఆవులించి వెళ్ళిపోయింది.
దానికి ఆటకంటే గీతలు చదవడమే ఇష్టం.
పోతూ పోతూ, నేను తిప్పిన మర పక్కన
మార్కరుతో వంకర అక్షరాలు రాసింది:
"నాన ముట్టుకోకు."

ఒక్కణ్ణే కూర్చున్నాను.
వెలుగు లెక్కలో సగం పైన ఆకుపచ్చ తీగదే.
నేను పోల్చుకోలేని రంగే
నాకు కనపడేదాంట్లో ఎక్కువ బరువు మోస్తోంది.

షట్టరు కిందనుంచి గ్లెన్ తల దూరింది.
"పనిచేస్తోందా?"
టీవీ పక్కకి మార్చి అంటించిన ఆ పాత కాగితం చూపించాను.
తర్వాత ఇంకో కుర్చీ లాగి,
"కూర్చో గ్లెన్" అన్నాను,
"ఎర్ర విమానాలేవో చెబుతూ ఉండు."