తడి ఇసుక మీద కూసో

మెత్తటి సీటు కావాలని అడగకు, ఓదెలన్నా.
మెత్తదనం హన్మకొండ దాటెదాకనే మాట మీద ఉంటది,
జమ్మికుంట వచ్చెవరకు
కింది రేకు లేచి నీ ఎముకను పలకరిస్తది.

ముందుగాల ఈ ట్రేల కూసో.
నవ్వకు. తడి ఇసుకనే, సల్లగుంటది.
ఇగ లేచి చూడు నీ అచ్చు:
ఎడమ దిక్కు లోతు, కుడి దిక్కు తేలిక.
ముప్పై ఒక్క ఏండ్లు కుడి నడుముకు
లైటు బ్యాటరీ కట్టుకొని బాయిల దిగినవు.
అది అటు గుంజితే నువ్వు ఇటు ఒరిగినవు.
బ్యాటరీ అప్పజెప్పి రెండేండ్లాయె,
ఒరుగుడు మాత్రం ఇంకా డ్యూటీల ఉన్నది.
గోదావరిఖనిల డాక్టర్లు ఫిల్ములు తీసిండ్రంటివి గదా,
ఇది నా ఫిల్ము.

ఎడమకు అరంగుళం ఎక్కువ, గట్టి స్పాంజి.
తోకెముక కాడ వేలెడంత గాడి.
తొడలు ఒరుసుకోకుండ ముంగట సన్నం.
రెగ్జిన్ వద్దు, ఎండకు పెనమైతది.
నాయిన మగ్గం మీద ఆఖరుకు మిగిలిన జంఖానా ముక్క ఉన్నది,
కొత్తవాడ నేత, ఎర్ర చారలది.
పెండ్లి పందిట్ల ఊరంత తొక్కినా చిరగని నేత,
నీ ఒక్కనికి చిరుగుతదా?

హ్యాండిల్ కింద యాకూబ్ రెండు ఇనుప ముక్కలు పెట్టి
అంగుళంనర లేపిండు.
కండ్లు మూసుకొని చేతులు చాపు.
ఏడ ఆగుతయో ఆడ్నే గ్రిప్పు ఉండాలె.
బాయిల వంగింది చాలు,
ఈసారి బండిని వంగనియ్యి.

నాగపూర్ దాకా దానికి ట్రాలీ, నీకు జీపు.
ఆడికెల్లి నర్మద ఒడ్డు పొంటి మీరు ఇద్దరే.

నీ బామ్మర్ది తెచ్చింది రోటవేటర్లు మోసే ట్రాలీ,
మూలలల్ల దుక్కి మన్ను ఇంకా ఎండి ఉన్నది.
పలక మీదికెల్లి ఎజ్డీని ఎక్కిస్తుంటె
నలుగురు నాలుగు తీర్ల అరిచిండ్రు.
సైలెన్సర్ గోకింది. ఎవడూ ఒప్పుకోలే.

పెట్రోలు నాబ్ మూసినవా?
బ్యాటరీ వైరు ఊడదీసినవా?
అద్దాలు ఇప్పి గోనెసంచిల చుట్టు.
మొదటి గేర్ల వెయ్యి. సైడ్ స్టాండు లేపు,
దాని మీద ఆనిచ్చి కట్టినోడు ఎవడూ బాగుపడలే.
ముంగటి చక్రం చెక్క గాడిల కూసోవాలె,
పీట మీద పెండ్లి పిల్ల లెక్క, కదలకుండ.

నీ బామ్మర్ది పట్టా గుంజుతనే పోయిండు.
షాకులు అడుగు దాకా అణిగి
బండి మోకాళ్ళ మీద కూలబడ్డది.
ఆగు తమ్మీ, అన్న.
సగం అణగనియ్యి, సగం ఊపిరి ఉంచు,
గుంతొస్తె అది దేంతోని మింగాలె?

పట్టాను వేలితోని మీటిన.
చిన్నప్పుడు మగ్గం గుంతల కూసోని
నాయిన పడుగు మీటుతుంటె విన్న చప్పుడు అది.
బొయ్యిమంటె వదులు, కీచుమంటె తెగుతది,
నడుమ ఒకటి ఉంటది, దానికి ఆయన పేరు పెట్టలే.
ఎడమది ఒక్కసారికే దొరికింది.
కుడిది మూడు సార్లు ఇప్పి కట్టిన.
వెనుక రెండు పట్టాలు రంగును రాకే కాడ
నా పాత చీర కొంగు చింపి చుట్టిన.

పది కిలోమీటర్లకు ఆపి చూడుండ్రని చెప్పిన.
చూస్తరా చూడరా అనుకుంట సూది పట్టిన్నో లేదో
హసన్‌పర్తి కాడికెల్లి నీ ఫోను.
"వజ్రక్కా, ఒకటి వదులైంది."
ఏదన్న అడగలే.
కుడిది మీటి ఫోను దగ్గర పెట్టు, అన్న.
ఇంకో రెండు పండ్లు గుంజు. ఇంకొక్కటి. చాలు.

నువ్వు లెక్కబెట్టి ఇచ్చిన పైసలల్ల సగమే తీసుకున్న.
మిగిలింది తిరిగొచ్చినంక,
నీ నడుము ఏం చెప్తదో విన్నంక.

పొద్దూకినంక పాల వ్యాను నడిపే పిలగాడొకడు వచ్చిండు.
ట్రేల నీ అచ్చు ఇంకా ఆరలే,
అంచుల మాత్రం కొద్దిగ రాలింది.
ఒక్క ఘడియ చూసి నీళ్ళు చల్లి
అరచేత్తోని సాపు చేసిన.
కూసో బిడ్డా.

వీనిది కుడి దిక్కు లోతు.
ఆ జేబుల ఏం మోసుకుంట తిరుగుతున్నవురా, అన్న.