గళ్ళ బట్ట

గుణుపురం నుంచి మూటేసుకుని
మంగళవారం సంతకి కొండెక్కుతాను.
బండి రెండో గేరులో ఏడుస్తూనే ఉంటుంది
కపటన మలుపు దాకా.

బోర్డు మీద ఒడియాలో ఇంకేదో పేరుంది.
ఆ పేరుతో ఎవరూ పిలవరు.
కాప్టెన్ అనే మాట
సవర నోట్లో నలిగి, మా తెలుగు నోట్లో పడి
కపటన అయింది.
ఎవరూ దిద్దలేదు.
దిద్దాల్సిన తప్పు కాదనుకున్నారేమో.

పితూరీ ఇక్కడే ఆగిపోయిందట.
నలభై విల్లులు,
వానకి తడిసిన ఒక్క తుపాకీ,
మూడు రోజులు.
నాలుగో రోజు దిగువ ఊళ్ళకి కనిపించింది పొగ.

కాగితాల్లో ఏం రాసుకున్నారో నాకు తెలీదు.
నాకు తెలిసినవి రాళ్ళు.
తబ్బరసింగి వాగు గట్టున పాతిన నిలువు రాళ్ళు,
మోకాలెత్తువి కొన్ని, నడుమెత్తువి కొన్ని,
మనిషికొకటి.
ఓసారి లెక్కపెడితే ముప్పై ఏడు.
ఇంకోసారి ముప్పై ఎనిమిది.

సుంబారి నవ్వింది.
"ఆ ఓరకున్నది మావోడిది కాదు బావూ,
కపటనది."

జ్వరమొచ్చి చచ్చాడట దొర.
పూడ్చేసి పోయారు వాళ్ళ వాళ్ళు.
ఆ ఏడే ఊళ్ళో తొమ్మిది పశువులు పడిపోయాయి.
సుంబారి ముత్తవ్వకి పూనాడట.
ముందు కల్లడిగాడు.
తర్వాత ఏడ్చాడు.

"మాదీ కొండే.
మా ఇళ్ళూ కాల్చీసినారు.
బీడులో, సలివానలో
మా ముత్తాతని పొడిచీసినారు.
మా గళ్ళ బట్ట మేం కట్టుకుంటే
జైలన్నారు.
ఆకలికి ఆళ్ళ సిపాయిలమే అయిపోనాం."

"మరి మా కొంపలెందుకు కాల్చినావురా?"
ఊరంతా ఒక్క గొంతుతో అడిగారట.
దానికి మాత్రం పలకలేదు.
మళ్ళీ కల్లడిగాడు.

పోశారు. రాయీ పాతారు.
తిండిపెట్టే వంశం లేని దెయ్యం
ఎవరి గుమ్మానికైనా వస్తుంది కదా.

ఆ రాత్రి మా చిన్నోడి ఫోనులో వెతికించాను.
స్కాట్లాండట.
పొగమంచు, బీడు, గడ్డిలో వరసగా రాళ్ళు,
ఒక్కో రాయి మీద ఒక్కో వంశం పేరు.
మర్నాడు సుంబారికి చూపించాను.
"మీ రాళ్ళ మీద పేర్లేవీ?"
"కల్లు పోసినోడికి తెలీదేటి ఎవుడో?"
అంటూనే ఫోను పక్కకి నెట్టి
నా మూటలో చెయ్యి పెట్టింది.

ఎరుపూ ఆకుపచ్చా గళ్ళ తువ్వాలు.
నూట ఇరవై అన్నాను. తొంభైకి లాగింది.
మొగుడికేమో అనుకున్నాను.

పై మంగళవారం వాన.
వాగు దగ్గర బండి ఆపి చూస్తే
ఓరకున్న రాయికి చుట్టి ఉంది తువ్వాలు.
ఎరుపు కారిపోతోంది,
పక్క రాళ్ళ మొదళ్ళ దాకా.

సంతలో నన్ను చూడగానే దెబ్బలాట.
"రంగు పోదన్నావు గదేటి?
ఇంకోటి ఇయ్యి."

ఇచ్చాను.
మిగతా ముప్పై ఏడింటికీ ఎప్పుడు కొంటావని
నోటి చివరిదాకా వచ్చింది.
బేరం పోతుందని ఊరుకున్నాను.