రీడింగు

గుణుపురం, రైలు గేటు దాటాక మూడో సందు.
నా పుస్తకంలో ఇంటాయన పేరే ఉండేది,
అద్దెకున్న ఆవిడ పేరు ఏడాదికిగాని తెలీలేదు:
టంకాల దమయంతి.
మూతపడ్డ తెలుగు బడిలో లెక్కల టీచరు.

నెలకు పద్దెనిమిది యూనిట్లు.
ఒక బల్బు, ఒక ఫ్యాను, అదీ ఉక్కపోస్తేనే.
"ఎంత తిరిగింది నాయినా?"
నేను అంకె చదివేలోగా
పోయిన నెలది తీసేసి తేడా చెప్పేసేది.
గడప పక్కన మంచినీళ్ల గ్లాసు, దాని మీద మూత.
నేనొచ్చే రోజు ఎలా తెలుసని అడగలేదు.

ఒకసారి ఏదో చెబుతూ ఆగిపోయింది.
"తలంటుకి... అదే, నురగొస్తుంది, నల్లటి గింజ..."
పెదాలు కదిలాయి, మాట రాలేదు.
నేను అందిద్దామంటే తల అడ్డంగా ఊపింది.
"ఈ వీధిలో అందరూ మంచోళ్లే. మాటలన్నీ ఒరియా.
నాకూ వచ్చు.
నొప్పి చెప్పుకోడమే రాదు అందులో."

ఆ ఏడు ఆవిడవి నాలుగు ఫిర్యాదులు,
మీటరు ఎక్కువ తిరుగుతోందని.
నాలుగుసార్లూ స్క్రూడ్రైవరు పట్టుకెళ్లాను.
మీటరుకేం రోగం లేదు.
నాలుగోసారి ఆవిడ మొహం చూసి
"నిజమేనండీ, కొంచెం తేడా ఉంది, మళ్లీ వచ్చి చూస్తా" అన్నాను.
ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో
నేను రాసిన ఒకే ఒక దొంగ రిపోర్టు.

తర్వాత స్మార్టు మీటర్లొచ్చాయి.
గుమ్మం తొక్కక్కర్లేదు, కుక్కల్ని అదిలించక్కర్లేదు,
అంకె దానంతటదే గాల్లో వచ్చి ఆఫీసులో వాలుతుంది.
నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.
మూత పెట్టిన గ్లాసు సంగతి
నేనూ మర్చిపోయాను.

భాద్రపదంలో, ముసురు పట్టిన మంగళవారం,
తెర మీద ఆవిడ ఇల్లు తగిలింది.
పగలూ రాత్రీ ఒకటే గీత.
నలభై వాట్లు. మూడు రోజులు.
పక్కన పచ్చచుక్క, అంతా సక్రమమని.

ఆవిడ పగలు బల్బు వెయ్యదు.

బండి ఎలా తోలానో తెలీదు.
తలుపు కొడుతుంటే పక్కింటాయన గోడ మీంచి చూసి
"మావుసీ ఊరెళ్లలేదా?" అన్నాడు.
లోపల, స్నానాలగదిలో,
చెంబు నేలకి తగిలిన చప్పుడు.
ఆగి, మళ్లీ.

గడియ విరగ్గొట్టి,
తల ఒళ్లోకి తీసుకుని నీళ్లు పట్టబోతే
గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టింది.
ముందు మాట చెప్పాలి.
మూడు రోజులు తడినేల మీద పడుండి
వెతికి పట్టుకున్నట్టుంది.

"కుంకుడుకాయ" అంది.