రెప్పపాటు

నియమం గోడమీద ఉంది, తమిళంలో, ఎర్రరంగుతో:
పదేళ్ళలోపు పిల్లలు పెద్దలతోనే రావాలి.
పెద్దలంటే ఎవరో గోడ చెప్పదు.
సాయంత్రం నాలుగున్నరకి
కొరుక్కుపేట శాఖా గ్రంథాలయంలోకి
తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చే ఎస్తేరుకి ఏడేళ్ళు.
దాని చిటికెనవేలు వదలని దానియేలుకి నాలుగు.
వాడికి అదే పెద్ద.

రిజిస్టర్లో రాయమంటే
తన పేరు రాసింది, కింద వాడి పేరు రాసింది,
"తోడు వచ్చినవారు" గడిలో
మళ్ళీ తన పేరే, ఈసారి కాస్త లావుగా.
నేను కొట్టెయ్యలేదు.
పైనుంచి తనిఖీకి వస్తే ఏం చెప్పాలో
ఇప్పటికీ ఆలోచించుకోలేదు.

వాళ్ళమ్మ మింట్ వీధిలో అప్పడాలు కట్టలు కడుతుంది.
ఆరింటికి దిగుతుంది. దారిలో రైల్వే గేటు.
గూడ్సుబండి అడ్డం నిలబడితే ఆరు ఏడవుతుంది.
ఏడంటే నా చేతిలో తాళంచెవి.

పుస్తకాలకి నంబర్లు వెయ్యడం నా ఉద్యోగం.
ఎవరూ అప్పజెప్పని పనులు వేరే ఉన్నాయి.
ఇనుప ర్యాకు గోడకి బిగించి ఉందా,
నిచ్చెన ఎవరు మరిచిపోయారు,
మరుగుదొడ్డి గొళ్ళెం పిల్లల చేతికి బిగుసుకుపోతుందని
ఊడబెరికి తాడు కట్టాను.
పేపర్ల బల్ల దగ్గర చారల చొక్కాయన
రోజూ ఒకే పేజీ ముందు పెట్టుకుని
పిల్లల చాపవైపు చదివేవాడు.
అతన్ని ఏమీ అనలేదు.
నా కుర్చీ ఈడ్చుకొచ్చి మధ్యలో వేసుకున్నాను, అంతే.
నాలుగోరోజు నుంచి రావడం లేదు.
ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నాడో అని
రాత్రిళ్ళు అనిపిస్తుంది.

"కంటికి రెప్పలా చూడక్కా" అంటుంది వాళ్ళమ్మ,
ఫోన్లో, గేటు గంటల మధ్య.
రెప్పే కదమ్మా
నిమిషానికి పదిసార్లు మూతపడేది.

ఆ గురువారం వాన. కరెంటు పోయింది.
కొవ్వొత్తి వెలిగించి లెక్కపెడితే చాపమీద పదిమంది.
పదకొండుండాలి.
మళ్ళీ లెక్కపెట్టాను, తలమీద చెయ్యి వేసి ఒక్కొక్కరినీ.
పది.
బల్లకింద లేడు, నీళ్ళ డ్రమ్ము వెనక లేడు.
చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాను.
ఆటో, బురద, సైకిలు, చివర్న గేటు పడుతున్న గంట.
పేరు పెట్టి పిలుద్దామంటే
నోట్లోంచి ఏదో పుస్తకం నంబరు వచ్చింది.

వాడు ఎక్కడికీ పోలేదు.
చెదలు తిన్న తెలుగు అర ఖాళీ చేశాం కదా, అన్నిటికన్నా కింది అర,
అందులో ముడుచుకుని నిద్రపోతున్నాడు,
పొట్టమీద అట్ట ఊడిన బొమ్మల పుస్తకం.
పడుకోబెట్టింది అక్కే,
కిటికీలోంచి జల్లు కొడుతోందని.
తర్వాత తనూ ఒక పుస్తకం తెరిచింది.
తెరిచి, వాణ్ణి మరిచిపోయింది.
వెక్కిళ్ళు పెడుతూ అదే చెబుతోంది, మరిచిపోయానక్కా, మరిచిపోయానని.
నేను తిట్టబోయి ఆగాను.
ఆ అరగంటే కదా
దానికి ఏడేళ్ళున్నది.

ఏడుంబావుకి వాళ్ళమ్మ వచ్చింది.
దాచొచ్చు. చెప్పాను, అంతా,
నేను నంబరు అరవడంతో సహా.
ఆమె ఏమీ అనలేదు.
ఉద్దిపిండి అంటిన చేత్తో
వాడి తల తడిమింది, దాని తల తడిమింది,
నా భుజం తడమబోయి వెనక్కి తీసుకుంది.
కొంగు దులిపి అడిగింది:
"రేపు శుక్రవారం. మీరు తలుపు తియ్యరు గదా?"

వాన తగ్గలేదు.
పిల్లలిద్దరూ ఒకే గోనెపట్టా కింద
ఆమె ముందు నడిచారు.
గేటు మళ్ళీ పడింది.
తాళం వేసేశాను, తీశాను,
ఖాళీ అరలోకి మరోసారి
కొవ్వొత్తి పెట్టి చూశాను.