ఆకు ఆరాలంటే

ముప్పై యేళ్ళు నిప్పు కాడ కూర్చున్నాను
కొండపి పొగాకు బ్యారన్లలో.
మంట ఎగిసిందా, ఆకు మాడుద్ది.
నిప్పు పడుకుందా, కర్ర మీదే కుళ్ళుద్ది.
అద్దం ముక్కలోంచి థర్మామీటరు చూసి
తొంభై, నూరు, నూట అరవై,
జామాయిల్ దుంగ జానెడు లోపలికి నెట్టడం
లేదా జానెడు బయటికి లాగడం.
ఇదీ నా చదువు.
ఆకు ఆరాలంటే నిప్పు ఆరకూడదు
అన్నది మా నాయన చెప్పిన ఒకే ఒక్క పాఠం.

ఆ కూర్చోడంలోనే పెరిగింది
ఈ పొట్ట.
రాత్రి ఒంటిగంటకు బోండాలు, పాకం లాంటి టీ,
పగలు కునికిపాట్లు.
రేటు పలికిన ఏడు బిర్యానీ,
పలకని ఏడు దిగులుకి బిర్యానీ.
మొలతాడు మూడోసారి మార్చినప్పుడు
"మాల్యాద్రికి కలిసొచ్చింది" అన్నారు వేలం కేంద్రం కాడ.
నేనూ నమ్మాను.
కొవ్వంటే కరువుకు దాచుకున్న గాదె అనుకున్నాను.
గాదెకు నోరుంటదని ఎవరనుకుంటారు?

కందుకూరులో శంషాద్ డాక్టరమ్మ
రిపోర్టు వెనకాల గుండ్రాలు గీసింది,
ఒకదాన్నొకటి ఒరుసుకునే గుండ్రాలు.
తిన్నాక మూడొందల పది
అన్న అంకె కాగితం అవతల వైపుంది.
"ఇవి కొవ్వు కణాలు. ఊరికే కూర్చోవు.
రోజంతా రక్తంలో కబుర్లు పంపుతాయి."

లెప్టిన్ అని ఒక కబురు.
చాలు, ఇక విస్తరి మడువు అని మెదడుకి.
కొవ్వు పెరిగేకొద్దీ ఆ కేక పెద్దదవుద్ది,
కేక పెరిగేకొద్దీ మెదడుకి చెముడొస్తది.
"మా ఇంట్లో మాదిరే" అన్నాను.
పెంచలమ్మ నవ్వలేదు.

ఇంకోటుంది, అడిపోనెక్టిన్.
పేరు నాకు నోరు తిరగలేదు.
ఇన్సులిన్ వస్తే తలుపు తీసేది,
మంట లేస్తే నీళ్ళు చల్లేది.
ఒళ్ళు నిండేకొద్దీ అది తగ్గిపోద్దంట.
కిక్కిరిసిన ఇంట్లో
పెద్దమనిషి మాట పడిపోయినట్టు.

ఉబ్బిన గుండ్రాల్లో కొన్ని ఊపిరాడక చస్తాయి.
శవం చుట్టూ జనం మూగినట్టు
కాపలా కణాలు మూగుతాయి.
వచ్చినవి పోవు.
అక్కడే నిప్పు రాజేసుకుంటాయి.
"జ్వరం రాదు, నొప్పుండదు.
సన్న సెగ, ఏళ్ళ తరబడి.
ఆ సెగకే కండకీ కాలేయానికీ
ఇన్సులిన్ మాట వినపడకుండా పోయేది."

డాక్టరమ్మ పెన్ను ఆగింది.
నా చెయ్యి పొట్ట మీద ఆగింది.
మంట లేకుండా, ఆరకుండా సెగ కాయడం...
అమ్మా,
ఆ పని నాది కదా!

ఆకుకైతే ఆరు రోజులు.
పచ్చన పోయి పసుపెక్కుద్ది,
పొర ఆరుద్ది, చివర్న ఈనె ఆరుద్ది.
నాకెన్నేళ్ళు పట్టిందో లెక్కలేదు.
కాళ్ళ తిమ్మిరి ఏ డిగ్రీ కాడ మొదలైందో
చూపు ఏ డిగ్రీ కాడ మసకేసిందో
చూసేందుకు ఏ అద్దం ముక్కా లేదు.

"మరి ఆర్పేదెట్టా?" అంది పెంచలమ్మ.
మాత్ర రాసింది. నడవమంది. తగ్గించమంది.
మిగతాది నాకు తెలుసు.
కాలిన గొట్టాల మీద నీళ్ళు పొయ్యం, పగులుతాయి.
దుంగ వెయ్యడం మానేస్తాం.
కిందా పైనా కంతలు తెరుస్తాం.
చల్లారడానికి దాని టైము అది తీసుకుంటది.

ఇప్పుడు మాఘమాసం మంచులో
బ్యారన్ల పక్కన నడుస్తున్నాను.
బొగ్గుల వాసనొస్తే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.
పొయ్యి కాడ కుర్రాడు వెలుగొండ
"మామా, వేడివేడివి" అని పొట్లం విప్పాడు.
ఒకటి తిన్నాను, అబద్ధమెందుకు.
మిగతా ఏడూ వాడే తిన్నాడు.
చొక్కా మూడో గుండీ కాడ
గుడ్డ బిగదీసుకుని ఉంది.

"ఎంతుందిరా?" అన్నాను.
అద్దంలోకి వంగి చూసి
"నూట పది" అన్నాడు
బ్యారన్‌ది.