నూట పన్నెండో పేజీ

గ్రంథాలయం మేడ మీద పదిహేడు మంది.
అందులో నలుగురు ఫ్యాను కోసం వచ్చినవాళ్లు.
మైకు ఒకసారి కీచుమని నోరు మూసుకుంది.
మొదటి ప్రశ్న ముందు వరుసలోంచే:
"ఈ డ్రాగన్ ఎక్కడ్నుంచి వచ్చిందమ్మా?
మనకి డ్రాగన్లు లేవు కదా?"

లేకపోవడమేంటి మాస్టారూ,
మల్కాపురంలో మా డాబా మీద పడుకుంటే
రిఫైనరీ గొట్టం చివర అది రాత్రంతా మెలకువే.
గాలి మళ్లినప్పుడల్లా మెడ తిప్పేది.
నాన్న నైట్ షిఫ్టుకి క్యారేజీ పట్టుకెళ్తుంటే
దానికి అన్నం పెట్టడానికే అనుకునేదాన్ని.
ఏడేళ్లొచ్చేదాకా ఎవరూ కాదనలేదు.
నవలలో రెక్కలు పెట్టాను గానీ ఎగరనివ్వలేదు.
పర్మనెంటు ఉద్యోగి అది,
ఎక్కడికని ఎగురుతుంది?

నవ్వారు.
ఆ ఊపులో మిగతావీ చెప్పేశాను.

బీచిరోడ్డు పక్కన ఒడ్డెక్కించిన సబ్‌మెరైను
నా పుస్తకంలో నీళ్లు మర్చిపోయిన రాజు.
చిన్నప్పుడు టిక్కెట్టు కొని
రాజుగారి కడుపులో వంగి వంగి నడిచాం.

ఎర్రమట్టి దిబ్బల్లో
ఎనిమిదో తరగతి పిక్నిక్‌లో తప్పిపోయాను,
చేతిలో పులిహోర పొట్లంతో.
ఏ మలుపు తిరిగినా అదే గోడ, అదే ఎరుపు.
ఇరవై నిమిషాలే. పుస్తకంలో మూడు వందల ఏళ్లు.
బస్సెక్కేముందు టీచరు లెక్కపెట్టిందట,
నలభై రెండూ సరిపోయాయట,
నేను లేకుండానే.
నవల్లో శాపం అక్కడిదే.

రాజ్యం పటం గీసింది
నేను పనిచేసే లారీ కాటా చీటీల వెనక.
నదులన్నీ ఒకే చోట తెగిపోతాయెందుకు,
ఏదైనా ప్రతీకా, అని అడిగాడు ప్రచురణకర్త.
కాదండీ, చీటీ అంతవరకే.

ఇంకా వెనక్కి వెళ్తే,
పోర్టు ధూళి పడిన కిటికీ రెక్క మీద
పొద్దున్నే వేలితో రాస్తే అక్షరం నిలిచేది.
అమ్మ తడిగుడ్డతో వచ్చేది.
నా తొలి ప్రతులన్నీ ఆ బకెట్‌లోనే పోయాయి.

చప్పట్లు. సమోసా, టీ.
పదకొండు కాపీలు.

చెప్పనిది ఒకటుంది.

పడవలు లెక్కపెట్టే రాణి.
అందరికీ నచ్చిన రాణి.
ఆ వెండి కిరీటం నేను పెట్టిందే,
అసలావిడ నెత్తిన అల్యూమినియం బేసిన్.
వాసుపల్లి నూకాలు, ఫిషింగ్ హార్బరు.
మా కాటా గది ఎదురుగా ఐసు పెట్టె మీద కూచుని
పడవ తిరిగొచ్చినప్పుడల్లా
ఒక చీపురుపుల్ల విరిచి ఒళ్లో వేసుకునేది.
ఆ తుఫానుకి ముందు ముప్పయ్యారు వెళ్లాయి.
ఒళ్లో ముప్పయ్యయిదు.
మళ్లీ మొదట్నుంచి లెక్క.
ఇది తొమ్మిదో ఏడు.

అడక్కుండా తీసుకున్నాను.
ఊరి పేరు మార్చాను, సముద్రం రంగు మార్చాను,
పోలిరాజుని యువరాజుని చేశాను.
పడవ పేరు మార్చడానికి మాత్రం చెయ్యి రాలేదు.
అట్ట మీద నా పేరు, కొంచెం పెద్ద అక్షరాల్లోనే.

మర్నాడు ఒక కాపీ పట్టుకెళ్లాను.
చెయ్యి కొంగుకి తుడుచుకుని అందుకుంది.
ముందు బరువు చూసింది, చేపని చూసినట్టు.
"కేజీ నేదు," అంది.
ఏం చెప్పాలో తెలీక అంతా చెప్పేశాను,
నీళ్లు నమిలి, మళ్లీ మొదలెట్టి.
కోపం వస్తే బాగుండుననిపించింది.

"మావోడు ఏ పేజీల ఉన్నాడు?"
నూట పన్నెండు.
తీసి చూపించాను. వేలు పెట్టింది.
కాగితానికి ఒక పొలుసు అంటుకుంది.
"సచ్చిపోనాడేటి ఇందులోన?"
లేదు, అన్నాను. చంపలేకపోయాను.
"అయితే ఇంకా రానేదన్నమాట."

చీపురుపుల్ల ఒకటి ఆ పేజీలో పెట్టి మూసింది.
బేసిన్ ఎత్తుకుంది.
రెండడుగులేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే,

"రెండో బుక్కెప్పుడు రాస్తావేటి?"